తుంగభద్రలో చలికాలం గాలం: డిసెంబర్ నుంచి రోహు ముట్టడం లేదు, ఏం మార్చాలి?

ఓర్వకల్లు_బండ:

అన్నలకు నమస్కారం. సుంకేసులకూ కర్నూలుకూ మధ్య తుంగభద్ర ఒడ్డున గాలం వేస్తున్నా. సామాను ఇది: పదడుగుల రాడ్, 4000 సైజు రీల్, 0.35 మి.మీ. నైలాన్ లైన్, పిండి ముద్ద పట్టించే ఆరు గాలాల స్ప్రింగ్, దానికి 40 గ్రాముల సీసం. ఎరకు మైదా, తవుడు, బుడ్డల చెక్క, వాసనకు కొంచెం కొబ్బరినూనె. అక్టోబర్, నవంబర్‌లో ఇదే సామానుకు ఇదే ఎరకు కిలో, కిలోన్నర రోహులు పడినాయి. డిసెంబర్ రెండో వారం నుంచి ఏమీ లేదు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా వేస్తే రాడ్ కొన అప్పుడప్పుడు సన్నగా వణుకుతుంది, గుంజితే ఖాళీ. నీళ్ళు బాగా తేటపడినాయి. నడుము లోతులో అడుగు రాళ్ళు కనిపిస్తున్నాయి.

అమెరికాలో చలికాలంలో నది మధ్యలో నిలబడి స్టీల్‌హెడ్ అనే చేపను బెండు (లైన్‌కు కట్టే, నీళ్ళ మీద తేలే పుల్ల) కట్టి పట్టే వీడియోలు శానా చూసినా. అంత చలిలో అక్కడ చేప పడుతుంటే ఇక్కడ ఏంటికి పడదు? ఆ బెండు పద్ధతి తుంగభద్రలో పనికొస్తుందా? ఇంకొకటి, రబ్బరు కప్పకు కొర్రమీను చలికాలంలో లేస్తుందా, లేక మార్చి దాకా ఆగాల్నా? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి.

సుంకేసుల_దిగువ:

ముందు స్టీల్‌హెడ్ సంగతి చెప్పి మన నదికొస్తా తమ్ముడూ. అది రెయిన్‌బో ట్రౌటే. నదిలో పుట్టి సముద్రానికి పోయి, బలిసి, గుడ్లు పెట్టేదానికి మళ్ళీ నదికెక్కుతుంది. అమెరికా, కెనడా పడమటి తీరంలో చలికాలపు గుంపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నదుల్లోకి వస్తుంది. ఆ నీళ్ళు నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉంటాయి. మన దగ్గర అది లేదు, ఉండదు కూడా. మన దేశంలో ట్రౌట్ ఉండేది మున్నార్, నీలగిరులు, హిమాచల్, కశ్మీర్ లాంటి చల్లటి కొండవాగుల్లోనే. కాబట్టి వాళ్ళు వేసే చేపగుడ్ల ఎర, రంగు పూసలు మనకొద్దు. కానీ వాళ్ళ పద్ధతిలో ఒక్క సంగతి ఇక్కడా అంతే నిజం: చల్లటి నీళ్ళలో చేప ఎర వెంట రాదు, ఎరే దాని నోటికాడికి పోవాల. వీడియోల్లో నువ్వు చూసిన బెండు, సన్న లైన్, ప్రవాహంతో పాటు నెమ్మదిగా జారే ఎర, అన్నీ దానికోసమే.

చేప ఒంటికి సొంత వేడి లేదు. నీళ్ళెంత వేడో దాని ఒళ్ళంత వేడి. నీళ్ళు 28 డిగ్రీల నుంచి 22కు దిగితే తిన్నది అరగడం మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. అక్వేరియం అంగడిలో దొరికే థర్మామీటర్ ఒకటి కొని, పురికొసకు కట్టి, 50 గ్రాముల సీసం తగిలించి అడుగుకు దించి మూడు నిమిషాలు ఉంచు. 24 పైన ఉంటే మామూలు వేట. 20కీ 24కూ మధ్య ఉంటే పగటేల మాత్రమే. 20 కంటే దిగిందంటే రోహు, బొచ్చె మీద ఆశ పెట్టుకోకుండా బంగారు తీగ చేప (కామన్ కార్ప్) కోసం గాలం వెయ్యి, చలికి ఓర్చుకునేది అదే. ఇప్పుడు రాత్రుళ్ళు గాలి వేడి 16, 17కు దిగుతుంది. నువ్వు పోయే ఆరింటికి నీళ్ళు రోజు మొత్తంలోకి చల్లగా ఉంటాయి. పొద్దున్నే పోవడం ఎండాకాలపు అలవాటు. డిసెంబర్, జనవరిలో పదకొండు నుంచి నాలుగు దాకా ఉండు. మబ్బు పట్టిన రోజు కంటే ఎండ కాసిన రోజు మేలు. ఇది కూడా ఎండాకాలానికి తిరగబడే లెక్కే.

యాడ వెయ్యాల? తేట నీళ్ళలో నీకు అడుగు రాళ్ళు కనిపిస్తున్నాయంటే చేపకు నువ్వు కనిపిస్తున్నావు, నీటికాకులకు చేప కనిపిస్తుంది. పగలు అది లోతు తక్కువ చోట నిలవదు. మడుగు వెతుకు. ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల లోతు, పక్కనే ఎండకు కాగే బండ పరుపు ఉంటే ఇంకా మంచిది. పాయ వడిగా పారే చోటుకూ, బండ చాటున నీళ్ళు నిలిచే చోటుకూ మధ్య ఒక గీత కనిపిస్తుంది. నురుగు, ఎండుటాకులు ఆ గీత మీదే వరసగా పోతాయి. తిండి కూడా ఆ గీత మీదే పోతుంది. స్టీల్‌హెడ్ మనిషి మెల్లగా నడిచేంత వడిలో నిలుస్తుంది. రోహు దానికంటే మెత్తటి నీళ్ళు అడుగుతుంది, కాబట్టి గీతకు నిలవనీళ్ళ వైపు ఒక మీటరు లోపలికి వెయ్యి.

ఇంక సామాను. స్ప్రింగ్‌ను మార్చి దాకా ఇంట్లో పెట్టు. రాడ్ కొన వణికి ఖాళీ రావడమంటే ఏమిటంటే, రోహు ముద్దను బయట నుంచి పీలుస్తుంది, మెత్తబడిన పిండి మాత్రం నోట్లోకి పోతుంది, మందం దారానికి కట్టిన గాలం పోదు. వేడి రోజుల్లో పోటీ పడి మింగుతుంది కాబట్టి అదే స్ప్రింగ్ పనిచేసింది. ఇప్పుడు మెయిన్ లైన్ 0.22 మి.మీ., కింద గాలానికి కట్టే లీడర్ ముక్క 0.18 ఫ్లోరోకార్బన్, 45 సెంటీమీటర్ల పొడవు. గాలం ఒక్కటే, 8 నంబర్. రెండు గ్రాములు మోసే సన్నటి బెండు. సీసం గుండ్లు: 1.6 గ్రాములు గాలానికి 60 సెంటీమీటర్ల పైన ఒకేచోట, 0.3 గ్రాముల చిన్న గుండు గాలానికి 15 సెంటీమీటర్ల పైన. ఈ చిన్న గుండు అడుగున కూర్చోవాల. అది ముఖ్యం.

లోతు కొలవకుండా బెండు కట్టడం గుడ్డిగా వేసినట్టే. గాలానికి 20 గ్రాముల సీసం గుచ్చి వెయ్యి. బెండు మొత్తం మునిగితే లోతు చాలలేదు, బెండును పైకి జరుపు. పక్కకు పడుకుంటే ఎక్కువైంది, కిందికి దించు. కొన ఒక అంగుళం తేలితే సరిగ్గా అడుగుకు తాకినట్టు. అక్కడి నుంచి ఇంకో రెండు, మూడు అంగుళాలు ఎక్కువ పెట్టి సీసం తీసెయ్యి. మడుగులో ఆరేడు చోట్ల కొలిస్తే యాడ పల్లం, యాడ గడ్డ అనేది మనసులో పటంలా పడుతుంది. ఈ పనికి అర్ధగంట పడుతుంది, అది వృథా కాదు.

పిండి_ఉండ:

పై అన్న సామాను చెప్పినాడు. నీ అసలు తప్పు ఎరలోనే ఉంది, కొబ్బరినూనె. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబర్ పొద్దున సీసాలో తెల్లగా పేరుకున్నది చూసే ఉంటావు. 22 డిగ్రీల నీళ్ళలో నీ ముద్ద లోపల కూడా అదే జరుగుతుంది. నూనె మైనంలా పట్టేసి ముద్ద విడిపోదు, వాసన బయటికి రాదు. అక్టోబర్‌లో అదే నూనె కరిగి వాసనను పరిచింది. చలికాలం ఎరలో నూనె ఏదైనా తగ్గించు, కొబ్బరినూనె అసలొద్దు.

ఇట్ల కలుపు. గోధుమపిండి 300 గ్రాములు, తవుడు 200 గ్రాములు, రెండూ విడివిడిగా సన్నమంట మీద వేయించు. తవుడు బిస్కెట్ రంగుకు వస్తే చాలు, మాడితే చేదెక్కుతుంది. చెక్కలో నూనె ఉంటుంది కాబట్టి మామూలు 200కు బదులు 100 గ్రాములే, మెత్తగా దంచి జల్లించు. పచ్చి మైదా 100 గ్రాములు, ఇది జిగురుకు. వేయించి పొడి చేసిన మెంతులు ఒక చెంచా, సోంపు పొడి అర చెంచా. బెల్లం 50 గ్రాములు నది నీళ్ళలోనే కరిగించి, ఆ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ కలుపు. మొత్తం పావు లీటరు, ఇంకో నాలుగు చెంచాలు పట్టొచ్చు. ఒకేసారి పోస్తే జావ అవుతుంది, దాన్ని మైదాతో గట్టి చేస్తే రబ్బరు అవుతుంది. కలిపినాక తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఆగు, తవుడు నీళ్ళు పీల్చుకునేదానికి. పొడి తవుడు ముద్దలో మిగిలితే నీళ్ళలో విడిపోయి పైకి తేలుతుంది, చిన్న పరిగె చేపలు ఎగబడతాయి, కింద రోహుకు ఏమీ అందదు.

వేసే ముందు పరీక్ష. చెంబులో నది నీళ్ళు పట్టు, కొళాయి నీళ్ళు కాదు. శనగ గింజంత ఉండ వెయ్యి. ఎనిమిది, పది నిమిషాలకు పై పొర పొడిపొడిగా రాలడం మొదలుపెట్టాల, ఇరవై నిమిషాలకు కుప్పగా కూలాల. ఐదు నిమిషాలకే కూలితే మైదా ఒక గుప్పెడు. అర్ధగంటైనా గుండ్రంగా అట్లనే కూర్చుంటే తవుడు ఒక గుప్పెడు. వేలితో నొక్కితే గుంత పడి నిలవాల, వేలికి అంటుకుని సాగకూడదు.

చేపలను పోగుచేసేదానికి ఒడ్డు నుంచి ఎర విసిరేటప్పుడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. వానాకాలంలో కిలోన్నర విసిరినట్టు ఇప్పుడు విసిరితే ఉన్న నాలుగు చేపలూ దానితోనే కడుపు నింపుకుంటాయి. మొదట నిమ్మకాయంత ఉండలు నాలుగు. తర్వాత అర్ధగంటకు ఒకటి. బెండు దగ్గర సన్నటి బుడగలు లేస్తుంటే అది కూడా ఆపెయ్యి. ప్రవాహం ఉంటే బెండు కంటే రెండు మీటర్లు ఎగువకు విసురు, అది దిగి అడుగుకు చేరేసరికి సరిపోతుంది.

పిండి అస్సలు ముట్టకపోతే ఎర్రలు (వానపాములు) పెట్టు. చిన్నది, మూడు సెంటీమీటర్లది ఒకటే, నడుము దగ్గర ఒక్కసారి గుచ్చి రెండు కొనలూ కదలనియ్యి. చలికాలంలో మ్రిగాలకు పిండి కంటే ఇదే నచ్చుతుంది. దాని నోరు కిందికి తిరిగి ఉంటుంది కాబట్టి ఎర అడుగున పడుకోవాల. బొచ్చె నోరు పైకి, అది నీటి పైపొరల్లో, మధ్యలో మేస్తుంది, ఎర్రకు రాదు.

కేసీకాలువ_కొస:

కొర్రమీను గురించి అడిగినావు అబ్బీ. కాలువ పక్క గుంతలు, తుంగ పెరిగిన చెరువు మూలలు, ఇట్లాంటి చోట్ల చలికాలంలో కూడా లేస్తుంది, కాకపోతే లెక్క వేరు. కొర్రమీను మొప్పలతో మాత్రమే బతకలేదు, పైకొచ్చి గాలి మింగాల్సిందే. చల్లగా ఉంటే గాలి అవసరం తగ్గుతుంది, కాబట్టి ఎండాకాలంలో వచ్చినంత తరచుగా రాదు. అయినా వస్తుంది. వచ్చినప్పుడు గుబుక్కుమని చప్పుడు, ఒక చిన్న సుడి, వెనక రెండు మూడు బుడగలు. ఒడ్డున నిలబడి పావుగంట ఊరికే చూడు. యాడ లేచిందో గుర్తుపెట్టుకుని, ఆ చోటు దాటి ఒక మీటరు అవతల కప్ప పడేటట్టు వెయ్యి. నెత్తిన వేస్తే బెదిరిపోతుంది.

టైము పదకొండున్నర నుంచి మూడున్నర. ఎండ పడిన పాచి చాపల అంచులు చూసుకో. రబ్బరు కప్ప ఐదారు సెంటీమీటర్లది, పది పన్నెండు గ్రాములది. వెనక వేలాడే రబ్బరు కాళ్ళను సగానికి కత్తిరించు. చల్లటి రోజుల్లో కొర్రమీను నోరు పూర్తిగా తెరిచి మింగదు, తోక వైపు కాళ్ళు పట్టి లాగుతుంది, గాలం దాకా నోరు రాదు. టకటకా లాగడం వద్దు. ఒక జానెడు కదిలించు, పాచిలో కన్నం కనిపిస్తే అక్కడ ఎనిమిది, పది లెక్కపెట్టేదాకా ఆపు, మళ్ళీ జానెడు. నీళ్ళు పగిలిన చప్పుడు విన్న వెంటనే గుంజితే కప్ప ఎగిరి నీ మొహానికి వస్తుంది. రాడ్ దించి, 'ఒకటి, రెండు' అని, లైన్ బరువెక్కినాక గట్టిగా గుంజు. గుంజినాక సందివ్వొద్దు, పాచిలోకి తల దూర్చిందంటే పోయినట్టే. అందుకే ఇక్కడ 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), ఏడడుగుల గట్టి రాడ్, డ్రాగ్ (చేప లాగితే రీల్ లైన్ వదిలే బిగువు) దాదాపు బిగించి. రోహుకు చెప్పిన సన్న లైన్ లెక్క ఇక్కడ పనికిరాదు, రెండూ కలపొద్దు.

నిజం కప్పను కట్టే అలవాటు ఇంకా కొందరికి ఉంది. వద్దు. పొలంలో పురుగును తినేది అదే, రబ్బరు కప్పతో వచ్చే చేప దానితో వచ్చేదానికి తక్కువేమీ కాదు. ఇంకో మాట: వానలకు గుడ్లు పెట్టినాక నీటి మీద ఎర్రటి చుక్కల గుంపు కదులుతుంటుంది చూడు, అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏది వేసినా కోపంతో కొరుకుతాయి. అప్పుడు వాటిని లాగితే పూటలోపు ఆ పిల్లలన్నీ పరిగెలకు, జిలేబీ చేపలకు మేత. ఆ గుంపు కనిపిస్తే పక్కకు పోండి. ఇది మాత్రం చేతులెత్తి అడుగుతున్నా.

వాలుగ కావాలంటే మాపటేల ఐదు నుంచి చీకటి పడేదాకా, వంక నదిలో కలిసే చోట, 15, 20 గ్రాముల స్పూన్ (మెరిసే లోహపు రేకు ఎర). దాని నోట్లో సన్నటి పళ్ళు బ్రష్‌లా ఉంటాయి, నైలాన్‌ను ఒక్కసారి కొయ్యవు, రుద్ది రుద్ది తెంపుతాయి. 25 సెంటీమీటర్ల స్టీల్ తీగ కట్టు. ప్రతి చేప తర్వాత తీగ మీద మెలికలు పడినాయేమో వేళ్ళతో తడిమి చూడు, మెలిక పడిన తీగ తర్వాతి చేపకు తెగుతుంది.

ఓర్వకల్లు_బండ:

అన్నలూ, శానా థ్యాంక్స్. మూడు సందేహాలు. బెండు మునగకుండా పైకి లేచి పడుకుంటే అది చేపేనా? గుంజాల్నా, ఆగాల్నా? రెండోది, 0.18 అంటే భయంగా ఉంది, కిలోన్నర రోహు తెంపదా? ఇప్పటికే 0.35 కూడా ముడి దగ్గర తెగుతుంది. మూడోది, అంగడి బెండ్లు మన దగ్గర అన్నీ లావువే, సన్నటిది ఎట్ల చేసుకోవాల?

సుంకేసుల_దిగువ:

లేచి పడుకుంటే అది చేపే, చలికాలంలో అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు అదే. చిన్న గుండు అడుగున కూర్చోవాల అన్నది దీనికోసమే. రోహు తల కిందికి పెట్టి ఎర తీసుకుని, తల ఎత్తుతుంది. గుండు లేస్తుంది, దాని బరువు బెండు మీద నుంచి పోతుంది, బెండు పైకి తేలి పక్కకు వాలుతుంది. వాలుతుండగానే గుంజాల, పూర్తిగా పడుకునేదాకా ఆగితే ఉమ్మేస్తుంది. గుంజడమంటే భుజంతో కాదు, మణికట్టుతో ఒక అడుగు. దాని పెదవి మెత్తన, గట్టిగా గుంజితే చీలి వస్తుంది.

0.18 తెంపేది చేప కాదు, బిగించిన డ్రాగ్. ఆ లీడర్ రెండున్నర కిలోల దాకా ఓర్చుకుంటుంది. డ్రాగ్ దాంట్లో మూడో వంతు కంటే తక్కువ ఉండాల, అంటే 700, 800 గ్రాములు. చేతితో అంచనా వేయొద్దు. కూరగాయలు తూచే కొక్కెం తక్కెడ ఉంటుంది కదా, దానికి లైన్ కట్టి, రాడ్ వంచి లాగు. 700 గ్రాముల దగ్గర రీల్ తిరగడం మొదలయ్యేటట్టు నాబ్ తిప్పు. మొదటి పరుగు పోనియ్యి, అది ఆగినాక రాడ్ ఎత్తి, దించుతూ చుట్టు. ఒడ్డుకాడికి వచ్చినాక చిక్కం కనిపించగానే ఇంకో పరుగు తీస్తుంది, సగం చేపలు పోయేది అప్పుడే. చిక్కాన్ని ముందే నీళ్ళలో ముంచి కదలకుండా పట్టుకో, చేపను దాని మీదికి తెచ్చుకో, చిక్కంతో చేపను తరమొద్దు.

ముడి దగ్గర తెగిన కొనను ఈసారి పారెయ్యకుండా వెలుతురులో పట్టి చూడు. పందితోకలా మెలి తిరిగి ఉంటే ముడి తెగలేదు, జారింది. చుట్లు తక్కువైనాయి, ఆరు వెయ్యి. గరుకుగా, తెల్లగా గీతలు పడి ఉంటే బండకు రాసుకుంది. గాలానికి పైన రెండడుగుల లైన్ వేళ్ళ మధ్య జార్చి చూసి, గరుకు తగిలితే అంతవరకు కోసెయ్యి. శుభ్రంగా, నేరుగా తెగి ఉంటే ముడి బిగించేటప్పుడు రాపిడి వేడికి నైలాన్ చెడింది. ఉమ్ము తడి చేసి నెమ్మదిగా బిగించాల. నీది 0.35 తెగుతుందంటే మూడోదే అనుకుంటున్నా, మందం లైన్‌ను పొడిగా గట్టిగా లాగి బిగిస్తారు అందరూ.

బెండుకు జొన్న దంటు చాలు. బాగా ఎండిన దంటు కొన వైపు నుంచి పెన్సిల్ మందం ముక్క, 15 సెంటీమీటర్లు, కణుపు లేకుండా కొయ్యి. పై తొక్క తీసి లోపలి బెండును గాజుకాగితంతో రుద్ది రెండు కొనలూ సన్నం చెయ్యి. అట్లనే వాడితే గంటలో నీళ్ళు పీల్చి బరువెక్కి ఊరికే మునుగుతుంది, నువ్వు చేపనుకుంటావు. గోళ్ళ రంగు మూడు పూతలు, ఒక్కొక్కటి ఆరినాక ఇంకొకటి. పై కొన రెండు సెంటీమీటర్లు ఎర్రది, మిగతాది రంగు లేనిది. సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు రెండు తొడిగితే లైన్ వాటి కిందుగా పోతుంది, లోతు మార్చేది సులభం. సీసం ఎంత మోస్తుందో బకెట్ నీళ్ళలో గుండ్లు ఒక్కొక్కటీ తగిలించి చూసుకో, ఎర్ర రంగు సగం మునిగేదాకా.

చిత్రావతి_గడ్డ:

అనంతపురం వైపు నది ఎండి, నీళ్ళంటే జలాశయాలు, చెరువులే కాబట్టి ఇక్కడి లెక్క ఒకటి చెప్తా సామీ, శ్రీశైలం వెనకజలాలకూ ఇదే వర్తిస్తుంది. ప్రవాహం లేనిచోట గాలిని చూడాల. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. పగలు ఎండకు కాగిన పై నీళ్ళను అది నైరుతి ఒడ్డుకు నెడుతుంది. మధ్యాహ్నం రెండు దాటినాక ఆ ఒడ్డున నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. మొహానికి గాలి కొడుతుందని జనం అటు కూర్చోరు, చేప మాత్రం అక్కడే ఉంటుంది. జిలేబీకి చలి అస్సలు పడదు, అది కూడా ఎండ తగిలే బండల సందుల్లో, గాలి మరుగున గుంపుగా చేరుతుంది.

బంగారు తీగకు పిండి కంటే మొక్కజొన్న మేలు, పరిగెలు దాన్ని చెడగొట్టలేవు. ఎండు గింజలు 24 గంటలు నానబెట్టి, గోటితో నొక్కితే దిగేదాకా ఉడికించు, ఉడికిన నీళ్ళలోనే చల్లారనియ్యి. గాలానికి గుచ్చొద్దు, వెంట్రుక పద్ధతి కట్టు. 20 సెంటీమీటర్ల బ్రెయిడ్ కొనకు చిన్న ఉచ్చు. సూదితో రెండు గింజలు ఎక్కించి, జారకుండా ఉచ్చులో చీపురుపుల్ల ముక్క. గింజకూ గాలం వంపుకూ మధ్య ఒక సెంటీమీటరు సందు వదిలి, బ్రెయిడ్ రెండో కొనను గాలం కంట్లో వెనక నుంచి దూర్చి, కాడ మీద కిందికి ఎనిమిది చుట్లు చుట్టి, మళ్ళీ అదే కంట్లో అదే వెనక వైపు నుంచి దూర్చి బిగించు. ముందు వైపు నుంచి దూర్చినావంటే గాలం పెదవికి తిరగదు, అందరూ చేసే తప్పు ఇది. గాలం 6 నంబర్, సీసం 60 గ్రాములు. చేప గింజను పీల్చి, గట్టిగా ఉందని ఉమ్మబోతుంది, ఖాళీగా ఉన్న గాలం కింది పెదవికి దిగుతుంది, సీసం బరువుకు అదే గుచ్చుకుంటుంది. దాంతో రాడ్ ఒక్కసారిగా పరుగు పెడుతుంది, స్టాండుకు కట్టెయ్యకపోతే నీళ్ళలోకి పోతుంది.

విసిరేదానికి జొన్నలు ఉడికించు. రాత్రి నానబెట్టి గింజ పగిలేదాకా. రెండు గుప్పిళ్ళు చాలు పూటకు. మా వైపు చెనిక్కాయలు పచ్చివి విసిరేవాళ్ళున్నారు, అవి చేప కడుపులో ఉబ్బుతాయి, వద్దు.

జలాశయాల్లో వేట లైసెన్సు ఉన్న మత్స్యకారులది, చెరువులు సొసైటీలకు లీజులో ఉంటాయి. ఒక్క గాలమే కదా అని కూర్చోకుండా సొసైటీ వాళ్ళను అడగండి. చేపపిల్లలు కొని వదిలేది వాళ్ళే. శ్రీశైలం వెనకజలాలు నల్లమలలోకి పోయేచోట పులుల అభయారణ్యం ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా అటు దిగొద్దు. నల్లగా, ఒంటినిండా గట్టి పెంకులతో దెయ్యం చేప తగిలితే తిరిగి నీళ్ళలో వదలొద్దు, అది మన నీళ్ళ చేప కాదు, అడుగున గుడ్లూ మేతా తినేస్తుంది.

రాత్రి_జెల్ల:

జెల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పైన అందరూ పగటేల అన్నారు, జెల్లకు అది వర్తించదు. తేట నీళ్ళలో అది పగలు బండల కింద ఉంటుంది, ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్య బయటికొస్తుంది. ఎర్రలు నాలుగైదు గుత్తిగా, 2 నంబర్ గాలం, లైన్ మీద జారే 30 గ్రాముల సీసం, బెండు అక్కర్లేదు, రాడ్ కొనకు గంట. పట్టుకునేటప్పుడు వీపు ముల్లూ, రెండు పక్కల ముళ్ళూ చూసుకో, రంపపు పళ్ళుంటాయి. అరచెయ్యి కడుపు వైపు నుంచి పెట్టి, పక్క ముళ్ళ వెనక వేళ్ళు పోనిచ్చి పట్టు.

సుంకేసుల_దిగువ:

జెల్ల మాట నిజమే. కానీ రాత్రి వేట అన్నప్పుడు పక్కనే ఇది కూడా చెప్పాల. తుంగభద్రలో, కృష్ణలో మొసళ్ళున్నాయి. చీకట్లో నీళ్ళ అంచుకు నాలుగు మీటర్ల వెనక స్టాండ్ పెట్టుకుని కూర్చో, చేపను కడిగేదానికి నీళ్ళలోకి వంగొద్దు, పేగులు అక్కడే పారెయ్యొద్దు. చలికాలం పగలు కూడా అవి ఎండకు ఇసుక మీదికి వస్తాయి, ఇసుకలో పొట్ట ఈడ్చిన చార, రెండు పక్కల గోళ్ళ గుర్తులు కనిపిస్తే ఆ మడుగు వదిలెయ్యి. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద నిట్టనిలువుగా ఉంటాయి, మోకాలి లోతు తర్వాత అడుగు నేరుగా పది అడుగులు. లోపలికి దిగి వెయ్యాలనే ఆశ వీడియోల వల్ల వస్తుంది, ఇక్కడ ఒడ్డు నుంచే వెయ్యి.

సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలితే ముందు రంగు మారుతుంది, తర్వాత మట్టం లేస్తుంది. వచ్చిన వెంటనే నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చి గంటకోసారి చూడు. పుల్ల మునుగుతుంటే సామాను సర్దుకో. పుల్ల నీళ్ళకు దూరమవుతుంటే మట్టం తగ్గుతుంది, చేప లోతుకు జరుగుతుంది, నువ్వూ ఇంకో రెండు మీటర్లు లోపలికి వెయ్యి. రెండు మూడు రోజులు పుల్ల ఉన్నచోటే ఉంటే అదీ మంచి రోజు.

ఇంకొకటి, హంద్రీ కలిసే చోటు నుంచి దిగువకు పట్నం మురుగు వస్తుంది. అక్కడ చేప పడుతుంది, చలికాలంలో ఇంకా బాగా పడుతుంది, ఎందుకంటే ఆ నీళ్ళు వెచ్చన. పట్టి వదిలెయ్యి, ఇంటికి తీసుకుపోవద్దు.

ఓర్వకల్లు_బండ:

అర్థమైంది అన్నా. థర్మామీటర్, 0.22 లైన్, 8 నంబర్ గాలాలు రాసుకున్నా. జొన్న బెండుకు అడుగున సీసం చుట్టాల్నా, లేక గుండ్లు చాలా?

సుంకేసుల_దిగువ:

గుండ్లు చాలు. అడుగున సీసం చుడితే బెండు లేచి వాలదు.